రెండు సెకన్ల తేడా

“ఐదు కిలోమీటర్లు ఇరవై రెండు నిమిషాల్లోనా! నువ్వు మనిషివా, చిరుతపులివా?” అన్నాడు మేనేజరు, హెడ్డాఫీసు కాగితం మీంచి తలెత్తి.

క్లర్కు చేతి వాచీని చొక్కా చేతి కిందికి తోసేశాడు. రోజూ ఉదయం ఆ పరుగు తీసేది అతను కాదు, అతని వాచీ కట్టుకున్న మరదలు. పోలీసు ఉద్యోగానికి తయారవుతోంది. వాళ్ళ బీమా కంపెనీ ఉద్యోగులందరికీ ఇచ్చిన ఆ వాచీలు ఎవరెంత పరిగెత్తారో నేరుగా హెడ్డాఫీసుకి చెప్పేస్తాయి. వాటిని చూసే ప్రమోషన్లు.

“దూరం రెట్టింపైతే టైమూ రెట్టింపు, అలసటకి పైన నాలుగు శాతం. ఆ లెక్కన ఇరవై ఒక్క కిలోమీటర్లు నువ్వు గంటా నలభై ఒక్క నిమిషాల్లో పరిగెత్తాలట. ఆదివారమే పోటీ. టైము బాగా తప్పితే విచారణ.”

“నేనొక్కణ్ణేనా సార్?”

“నేనూ ఉన్నాను. నీకూ నాకూ రెండు సెకన్లే తేడా. పార్కు కూడా ఒకటేనట. మరి ఎప్పుడూ కనపడవేం?”

“మీ వెనకే ఉంటాను సార్.”

మేనేజరుకి దగ్గొచ్చింది. చేతి వాచీని అటూ ఇటూ తిప్పుకున్నాడు. ఆఫీసు మొత్తానికి ఎర్ర స్ట్రాపు ఆయనదొక్కటే, మిగతావన్నీ నలుపు.

మొదటి కిలోమీటరుకే తను కూలబడే దృశ్యం క్లర్కు కళ్ళముందు కదిలింది. “సార్... నాకు మోకాలు నొప్పి.”

మేనేజరు లేచొచ్చి భుజం మీద చెయ్యేశాడు. “నువ్వు లేకుండా నేనెలా పరిగెత్తనయ్యా? నేనూ మానేస్తా. ఆఫీసు మెట్ల మీద జారిపడ్డామని రాద్దాం.”

“ఇద్దరం ఒకే మెట్టు మీదా సార్?”

“రెండు సెకన్ల తేడా ఉందిగా! నువ్వు పై మెట్టు మీద.”

క్లర్కు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్న మరదలు పార్కు నుంచి రాగానే గుమ్మంలోనే అందుకున్నాడు. మండుటెండల్లోనూ పొడుగు చేతుల ట్రాక్‌సూటు వదలదు, నల్లబడిపోతానని భయమట.

“మా మేనేజరు మనిషి కాదు, దేవుడు! నాకోసం పోటీనే వదులుకున్నాడు.”

ఆమెకి తాగుతున్న నీళ్ళు పొలమారాయి.

“నవ్వుతావేం? అంతటి పరుగువీరుడి ముందు నాకీ దొంగ పరుగు సిగ్గుచేటు. నా వాచీ ఇచ్చెయ్.”

“నీ ఇష్టం బావా,” అంటూ ఆమె నవ్వాపుకోలేక, చూడకుండానే ట్రాక్‌సూటు చేతిలోకి వేళ్ళు దూర్చి, వాచీ విప్పి అతని అరచేతిలో పెట్టింది.

దాని స్ట్రాపు ఎర్రగా ఉంది.