అదురు మింగే లోహం

శనక్కాయ పైరు ఎండిపోతోందని అంజినప్ప మామ బావి లోతు చేయిస్తున్నాడు. నేను నాగలమడిక నుంచి కిరసనాయిలు తెచ్చేసరికి చీకటి పడింది. బావి గట్టు మీద రైలు పట్టా ముక్క కనిపించి ఆగిపోయాను. లోపలి మనిషి దాన్ని సుత్తితో కొడితేనే పైవాళ్లు తాడు లాగాలి. అది మా ఊరి కట్టుబాటు.

“అత్తా, ఇది ఈడుందేంది? మామ లోపల ఏం కొడతాడు?”

“నువ్వు కాలేజీ నుంచి తెచ్చిన తెల్ల బిళ్లను తొట్టికి కట్టుకోని దిగినాడప్పా,” అంది ముత్తక్క అత్త. “మా అల్లుడు పోసిన లోహం, దూది మాదిరి తేలిగ్గా ఉండాదని ఒకటే మురిసిపాయ.”

అది మెగ్నీషియం మిశ్రమం. దాని లోపలి స్ఫటికాలు అదురును తమలోనే కరిగించుకుంటాయి. ఎంత కొట్టినా మోగదు. ఆ గుణానికే నాకు ఫస్ట్ క్లాసు ఇచ్చారు.

“లాగత్తా.”

“మోగకుండా లాగితే తిడతాడప్పా. మందు పేల్చిన పొగ పోయిందేమో చూస్తానని దిగినాడు. బాగుండబట్టే కదా కొట్టలేదు.”

తాడు పట్టుకుంటే అరచేతికి సన్నగా అదురు తగిలింది. అత్తను బలవంతంగా ఒప్పించి ఇద్దరం లాగాం. తొట్టి తేలిగ్గా వచ్చింది. అందులో మనిషి లేడు. బిళ్ల నిండా సుత్తి సొట్టలున్నాయి. విప్పి చేతిలోకి తీసుకున్నాను. క్షణంలో ఆగిపోవాల్సిన అదురు ఇంకా ఆగలేదు.

అత్త బావిలోకి వంగి నవ్వింది. “ఏమయ్యో, పైకి రావల్లంటే గట్టిగా కొట్టు.”

నా చేతిలోని బిళ్ల మీద, చప్పుడు లేకుండా, ఇంకో సొట్ట పడింది.