ఎడమకు వంగిన గీత

"నాన్నా, చెయ్యి జారింది."

కూతురు కొంగులో గాజు పెంకులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అన్నయ్య చేసిన గాజుదీపం అది.

తండ్రి గబుక్కున గుమ్మం బయటికి చూశాడు. "అమ్మ ఏదీ?"

"పిన్ని వాళ్లింట్లో ఉంది. సాయంత్రానికి వస్తుంది."

చూపు పోయినప్పటి నుంచి ఆవిడకు పోయిన కొడుకంటే ఆ దీపమే. రోజూ ఒళ్లో పెట్టుకుని, అడుగున ఉన్న గీతను బొటనవేలితో తడుముతుంది. గాజు కార్ఖానాలో కరిగిన గాజుముద్దను కత్తెరతో కోసి అచ్చులో వేసేవాడు కొడుకు. మీట లాగి అదిమేవాడు తండ్రి. కత్తెర తగిలినచోట గాజు మీద గీత పడేది. కొడుకుది ఎడమచేతి వాటం. అందరి గీతలూ కుడికి వంగితే వాడిది ఎడమకు వంగేది. వాడు పోయాక తండ్రి ఆ దీపాన్ని ముట్టుకోలేదు. ధైర్యం చాలలేదు.

ఒకే అచ్చులోంచి వేలకొద్దీ వచ్చిన దీపాలు, ఎక్కడో ఒకటి దొరక్కపోతుందా అని పాత సామాన్ల బజారంతా కాళ్లరిగేలా తిరిగాడు. చివరి కొట్లో కనిపించింది.

"ఇది మేం చేసిందే," అన్నాడు.

"అయితే మీరూ పురాతన వస్తువే. ఆ బల్ల మీద కూర్చోండి," అని నవ్వాడు కొట్టతను.

తండ్రికి నవ్వు రాలేదు. దీపాన్ని తిరగేసి చూశాడు. గీత కుడికి వంగి ఉంది. అలాంటిది ఇంకొకటి లేదు. పొద్దు వాలుతోంది. గత్యంతరం లేక అదే తెచ్చాడు.

సాయంత్రం భార్య దీపాన్ని ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలు గీత మీద ఆగింది. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

"వాడి చెయ్యే చెయ్యి," అందావిడ, దీపాన్ని గుండెకు హత్తుకుని. "ఎన్నాళ్లయినా పోల్చుకోగలను."

హమ్మయ్య అనుకోవాల్సింది పోయి ఆయనకు ఏడుపొచ్చింది. కన్నతల్లి వేళ్లు కూడా కొడుకు గుర్తును మరిచిపోయాయి. ఇక ఆ గీత మిగిలింది పెంకుల్లోనే. పెరట్లో పాతిపెట్టే ముందు ఒక్కసారి చూసుకుందామని అడుగు ముక్కలు రెండూ కలిపాడు.

గీత కుడికి వంగింది. తుడిచి మళ్లీ కలిపాడు. కుడికే.

కిటికీలోంచి కూతురి వెక్కిళ్లు, వెనకే భార్య గొంతు మెల్లగా వినిపించాయి.

"ఊరుకోవే. అన్నయ్య చేసింది నాకు చూపున్నప్పుడే నా చేతిలో పగిలిపోయింది. తెలిస్తే మీ నాన్న తట్టుకోలేడని అలాంటిదే తెచ్చి పెట్టుకుని తడుముతున్నాను. ఆయనకు మాత్రం చెప్పకు."