సైకిల్ టైరు తీర్పు

"నా లాన్ మీద సిమెంటు పోస్తారా? నేనుండగా కుదరదు," అన్నారు హెడ్మాస్టర్ జ్ఞానశేఖర్ గారు.

"వెనక దొడ్లో పోస్తే పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి సార్?" అంది సైన్సు టీచర్ ప్రేమమణి.

కార్ఖానా బస్తీలోని ఆ బడిలో సైకిల్ స్టాండు కట్టడానికి చోట్లు రెండే. ముందున్న లాన్, వెనకున్న పిచ్చిమొక్కల దొడ్డి. దొడ్డి పిల్లల ప్రాణం. లాన్ సారు ప్రాణం. రోజూ ప్రార్థన కాగానే ప్యాంటు మడిచి కూర్చుని, గరిక తప్ప మరో మొలక కనిపిస్తే పీకేసేవారు. ఆదివారం మాత్రం ముట్టరు. అది ప్రభువు దినం.

"అయితే సార్, సోమవారం ఏడో తరగతికి జీవవైవిధ్యం పాఠం. పిల్లలు వెనక్కి తిరిగి రెండుచోట్లా పాత సైకిల్ టైరు విసురుతారు. అది పడ్డచోట ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెడతాం. తక్కువ రకాలున్న చోట సిమెంటు పోద్దాం. దేవుడు ఎక్కువ ప్రాణాలు పెట్టిన నేలను మనం కప్పెయ్యకూడదు కదా?"

దేవుడి మాట వచ్చేసరికి సారు కాదనలేకపోయారు. ఓటమి ఎవరిదో ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. ఆ సాయంత్రం బడి వదిలాక కూడా లాన్ అంచున చాలాసేపు నిలబడ్డారు.

సోమవారం టైరు మొదట వెనక దొడ్లో పడింది.

"గరిక, తుంగ... గంతే టీచర్," అన్నాడు బిక్షం.

"అంతేనా? సరిగ్గా చూడరా!"

"జెర మీరే చూడుండ్రి టీచర్. ఇంకేం లెవ్వు."

తర్వాత లాన్‌లో దేవకృప విసిరింది. పిల్లలు టైరు చుట్టూ మూగారు. "గరిక, నేల ఉసిరి, పులిచింత, గలిజేరు, గడ్డిచామంతి... అయిదు టీచర్!"

ప్రేమమణి వంగి చూసింది. మొదళ్ల దగ్గర మట్టి తడిగా ఉంది. ఓ గడ్డిచామంతి తల వాల్చేసింది. ఆమె మెల్లగా సారు వైపు తిరిగింది.

"మీరిలా చేస్తారనుకోలేదు సార్."

"నేనేం చేశానమ్మా?"

"ఇవి మొలిచినవి కావు. ఎవరో నాటినవి. లాన్ మీద అంత ప్రేమ ఇంకెవరికుంది సార్?"

సారు ముఖం కందిపోయింది. "నిన్న నేనిటు రాలేదు. ఇవాళ ప్రార్థన నుంచి నేరుగా నీతోనే వచ్చాను. అయినా నా లాన్‌లో నేనే కలుపు నాటుకుంటానా?" పిల్లల వైపు చూసి తల దించుకున్నారు. "పిల్లల ముందు నన్ను దొంగను చేశావు కదమ్మా!"

దేవకృప టైరును గుండెకు హత్తుకుని ముందుకొచ్చింది. ఏడుపు ఆపుకుంటూ అంది:

"సార్‌ని ఏమనకుండ్రి టీచర్... మాకు ఆడుకోనీకి గల్లీ ఉంది, సార్‌కి లాన్ ఒక్కటే గదా అని మేమే నిన్న దొడ్లకెళ్లి పీకి తెచ్చి నాటినం."