ఐదో వేలు

పెంకు చీల్చుకుని కోడిపిల్ల బయటికొచ్చింది. ఇంకా తడి ఆరలేదు. పెద్దాయన దాని కాలు పట్టుకుని వేళ్లు చూశాడు. నాలుగు. మెడ నులిమి బకెట్లో పడేశాడు. తర్వాతిదానికి ఐదు. దాన్ని బుగ్గకు ఆనించుకుని, బల్బు వెలుగుతున్న పెట్టెలోకి మెల్లగా జారవిడిచాడు.

వీధిలో అందరూ ఆయన్ని ఐదువేళ్లాయన అనేవారు, ఆయన వినకుండా.

ఆయన కోళ్ల ఈకలు నలుపు, చర్మం నలుపు, నాలుక కూడా నలుపే. మండుతున్న ఓడలోంచి ముత్తాత ఒక జతను నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు ఈదుకొచ్చాడట. ఆ జాతి ఇప్పుడు ఇంకెక్కడా లేదు. నాలుగు వేళ్లది సంకరమని, దాన్ని ప్రాణంతో ఉంచొద్దని తండ్రి చెప్పి పోయాడు. ఒకసారి పక్కింటి పుంజు గోడ దూకితే, పెద్దాయన దాన్ని అదే గోడకేసి కొట్టి చంపాడు. అడగడానికొచ్చిన పక్కింటాయనకు ముందు పళ్లు ఊడాయి.

ఆ ఉదయం బట్టలుతికే గదిలోంచి ఏదో కొక్కొక్కుమంది. వెళ్లి చూస్తే వాషింగ్ మెషీన్ వెనక, పాత దుప్పట్లో, నిగనిగలాడే నల్లపెట్ట. కాళ్లు చూడగానే ఆయనకు రక్తం తలకెక్కింది.

కూతురు పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. బకెట్లో కొన ఊపిరితో కొట్టుకుంటుంటే తీసి తనే పెంచానంది. మందలో కలవనివ్వనని బతిమాలింది.

“ఇదొక్కటీ నాకొదిలెయ్ నాన్నా. ఎక్కడికైనా తీసుకుపోతా.”

చెంప మీద కొట్టాడు. ఆమె తల కుళాయికి తగిలి కనుబొమ చిట్లింది. అయినా పెట్టను వదల్లేదు. విరిచినంత పనిచేసి ఆమె వేళ్లు విడదీశాడు. పెట్ట ఆయన మణికట్టును కండ ఊడేలా పొడిచింది. దాన్ని గుమ్మానికి అదిమిపెట్టి కత్తితో ఒక్క వేటు వేశాడు. తల తెగాక కూడా అది గదంతా కొట్టుకుంది. ఉతికిన దుప్పట్ల మీద, కూతురి ముఖం మీద నెత్తురు చిమ్మింది.

ఆమె ఏడవలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పరిశోధకురాలు వచ్చింది. అంతరించిపోతున్న కోళ్ల జాతులను నిలబెట్టడం ఆవిడ పని. కట్టు కట్టుకున్న చేత్తోనే పెద్దాయన మేలైన పుంజును తెచ్చి, కాలు చాపి గర్వంగా చూపించాడు. ఆవిడ ఇంకోదాన్ని చూస్తానంది. చివరికి అన్నిటినీ చూసింది. చూసినకొద్దీ ముఖం వాడిపోయింది. ఏమైందని అడిగాడు.

ఆవిడ అంది: “ఆ ఓడ శిథిలాల్లో దొరికిన కోళ్ల కాలి ఎముకలకు నాలుగే వేళ్లండీ, ఐదోది ఇక్కడి కోళ్లతో కలిశాక వచ్చింది, మీ దగ్గర నాలుగు వేళ్లది ఒక్కటైనా బతికుందా?”