తెరుచుకోని కథ

సాయంత్రం అయిదింటికి పత్రిక ప్రెస్సుకి వెళ్లాలి. పదకొండో పేజీ ఇంకా తెల్లగా ఉంది. దాన్ని నింపాల్సిన హాస్యకథ సంపాదకురాలి కంప్యూటర్‌లోనే ఉంది, తెరుచుకోవడమే లేదు. ఎన్నిసార్లు నొక్కినా "ఫైలు పాడైంది" అంటోంది.

రచయితకి ఫోన్ చేసింది.

"నేను బాగానే పంపానమ్మా. దార్లో ఏమైందో మరి. ఎల్లుండి మళ్లీ పంపుతాను."

"ఎల్లుండికి పత్రిక పాఠకుల చేతుల్లో ఉంటుంది మాస్టారూ."

పోయిన నెలా ఇలాగే కథ అందక, ప్రకటన వేసి సరిపెట్టింది. ఇంకోసారి పేజీ ఖాళీ అయితే కుర్చీ కూడా ఖాళీ చెయ్యాలని యజమాని అప్పుడే అన్నాడు.

పరుగున కింది అంతస్తుకి దిగింది. అక్కడ పాడైన ఫైళ్లు బాగుచేసే అతన్ని భవనమంతా డాక్టరనే పిలుస్తుంది.

"ప్రతి ఫైలుకీ మొదట్లో కొన్ని గుర్తులుంటాయక్కా. పేరేం పెట్టినా, వాటిని చూస్తే దాని జాతేంటో తెలిసిపోతుంది" అంటూ ఫైలు లోపలికి చూశాడు. చూసి, కళ్లజోడు జారిపోయేలా నవ్వాడు.

"బతుకుతుందా?"

"దెబ్బ గట్టిదే. నాలుగున్నర దాకా నన్ను కదపకండి."

రెండింటికి ఆమె తొంగిచూసింది. అతని వేళ్లు కీబోర్డు మీద గెంతుతున్నాయి.

"మొదలు దొరికింది. కథలో దొంగ దొరికాడు. వాళ్లమ్మ దగ్గరే కాస్త చిక్కుంది."

మూడున్నరకి మళ్లీ వెళ్లింది. తనలో తనే పగలబడి నవ్వుకుంటున్నాడు.

"ముగింపో?"

"వస్తోంది, వస్తోంది. మీరు నెత్తిన నిలబడితే రాదు."

నాలుగున్నరకి కథ పైకొచ్చింది. మొదటి పేరాకే ఆమె నవ్వింది. సగానికి వచ్చేసరికి కుర్చీలో నిలవలేకపోయింది. పదిహేనేళ్లుగా ఎవరికీ పళ్లు చూపించని ప్రూఫులు దిద్దే పెద్దాయన కడుపు పట్టుకుని గోడకి చేరబడ్డాడు. అయిదింటికి రెండు నిమిషాల ముందు పేజీ వెళ్లింది.

డాక్టరు ఫీజు వద్దన్నాడు.

"అచ్చయ్యాక రెండు కాపీలిప్పించండక్కా. మా ఆవిడ ఉత్తినే చెబితే నమ్మదు."

ఆమె కాళ్లు చాపుకుని కూర్చుని రచయితకి ఫోన్ చేసింది.

"మాస్టారూ, మీ కథ బతికింది. దొంగతనానికి స్వెటరు లేకుండా వెళ్లాడని వాళ్లమ్మ తిట్టే చోట ఆఫీసంతా దొర్లింది. ఇరవయ్యేళ్లలో మీరింత మంచి కథ రాయలేదు."



"ఎవరమ్మా ఆ దొంగ?" అన్నాడాయన మెల్లగా. "కథ రాయడం కుదరక, రెండ్రోజులు గడువు దొరుకుతుంది కదా అని మా పిల్లి ఫోటోకి కథ పేరు పెట్టి పంపాను."