వీపు మీద రెండు తట్లు

ఆరో రౌండు ముగిసి లూషియస్ స్టూలు మీద కూలబడేసరికి స్టూలు కూడా మూలిగింది.

"ఇంకా నాలుగు రౌండ్లేరా," అన్నాడు ముసలి కోచ్ క్లెమ్, అతని మొహం మీద నీళ్ళు కుమ్మరిస్తూ. "ఓడావంటే ఏమవుతుందో గుర్తుందా?"

"ఉంది కోచ్."

"అయినా మళ్ళీ చెప్తా విను. ఓడినవాళ్ళ శిక్షణ హాల్లో గెలిచినవాళ్ళ విద్య నేర్పాలి. అదీ పందెం. సోమవారం పొద్దున్నే వాళ్ళొచ్చి మన రింగు పీకేసి ఇనపకంచె బిగిస్తారు. నలభై ఆరేళ్ళుగా గుద్దడం తప్ప ఇంకేమీ నేర్పనివాణ్ణి. ఆ తర్వాత నేనెక్కడికి పోవాలి? ఇంట్లో కూర్చుని మా ఆవిడకి ఉల్లిపాయలు తరగాలా?"

"నేనున్నాగా కోచ్. ఈ రౌండుతో తేల్చేస్తా."

"అదీ మాట! ఇదుగో, ఓటమి ఒప్పుకోడానికి విసిరే తువ్వాలు. దీని మీదే కూర్చుంటున్నా. ఇక నా చేతికి కూడా అందదు."

గంట మోగింది.

లూషియస్ పెటిగ్రూ మామూలు బాక్సరు కాదు. అతను ఇసుక బస్తా గుద్దితే యంగ్స్‌టౌన్ ఊళ్ళో సగం ఇళ్ళలో గోడ గడియారాలు ఐదు నిమిషాలు వెనక్కి వెళ్ళేవని చెప్పుకుంటారు. మా ఇంట్లోది పది నిమిషాలు వెళ్ళింది. కానీ అవతల ఉన్న స్టాన్ వాలెంచిక్ మిక్స్‌డ్ ఫైటరు. కుస్తీ, తన్నులు, గుద్దులు అన్నీ కలిపి కంచెలో కొట్టుకునే రకం. ఇవాళ బాక్సింగు రూల్సు కాబట్టి తన్నకూడదు, పడెయ్యకూడదు. ఏం చెయ్యాలో తోచక ఆరు రౌండ్ల నుంచీ లూషియస్‌ని కావిలించుకుని వేలాడుతున్నాడు. మూడొందల పౌన్ల ప్రేమ అది.

"వదలవయ్యా!" అని రిఫరీ విడదీయడం, రెండు గుద్దులు పడగానే స్టాన్ మళ్ళీ అల్లుకుపోవడం.

"ఇదేమన్నా పెళ్ళి డాన్సా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. "ముద్దు కూడా పెట్టుకోండి!"

ఏడో రౌండు సగంలో స్టాన్ మళ్ళీ పట్టాడు. ఈసారి పట్టు ఉడుంపట్టు. లూషియస్ గడ్డం అతని భుజం మీద ఆనింది. రిఫరీ ఇద్దరి మధ్యా చెయ్యి దూర్చబోతే సందు దొరకలేదు. అప్పుడు లూషియస్ కుడి గ్లవ్ స్టాన్ వీపు మీద మెల్లగా తట్టింది. ఒకసారి. ఇంకోసారి.

స్టాన్ వెంటనే వదిలేశాడు.

కంచె ఆటలో ఓడినవాడు ఎదుటివాడి ఒంటి మీద తడతాడు. తట్టగానే వదిలెయ్యాలి, ఆట అయిపోయినట్టే. అది వాళ్ళ ధర్మం. బాక్సింగులో ఆ తట్టుకి కానీ విలువ లేదు.

"బాగా కొట్టావన్నా! నా దవడ ఇంక నాది కాదు," అంటూ స్టాన్ లూషియస్ నెత్తిన ముద్దుపెట్టి, రెండు చేతులూ పైకెత్తి, తాళ్ళ మధ్య నుంచి కిందికి దూకేశాడు.

"ఎక్కడికయ్యా?" అన్నాడు రిఫరీ. రింగు వదిలినవాడు పది లెక్కపెట్టేలోగా తిరిగి రాకపోతే ఓడినట్టే. లెక్క మొదలుపెట్టాడు. "ఒకటి!"

"రింగులోకి పోరా!" అని స్టాన్ మనుషులు లేచి అరిచారు. జేజేలనుకుని స్టాన్ వాళ్ళకి దండాలు పెట్టాడు.

"నాలుగు!"

ముందు వరసలో స్టాన్ వాళ్ళమ్మ కజ్జికాయల్లాంటి పిరోగీల పళ్ళెంతో కూర్చునుంది. కొడుకు నోట్లో పళ్ళు కాచే రబ్బరు ముక్క పీకి ఆ చోట ఒక పిరోగీ కుక్కింది. "తిను నాన్నా, చిక్కిపోయావు."

"ఏడు!"

స్టాన్ కోచ్ రెండు వరసల కుర్చీలు దూకొచ్చి అతని చొక్కా లాగబోయాడు. చొక్కా ఉంటేగా! చెమటకి చెయ్యి జారింది. "నువ్వు గెలవలేదురా మొద్దూ!"

"ఏంటీ?" అన్నాడు స్టాన్, పిరోగీ లోంచి.

"పది!"

హాలు కప్పు లేచిపోయింది. ఉక్కు కార్మికుల యూనియన్ వాళ్ళ యాభై ఏళ్ళ నాటి హాలు అది. సమ్మెల్లో కూడా అంత గోల వినలేదు.

డ్రెస్సింగు రూములో క్లెమ్ ఒళ్ళో తువ్వాలు పరుచుకుని విలేకరులకి చెబుతున్నాడు: "రెండు తట్ల ఎత్తు! మూడేళ్ళ క్రితమే నేర్పా. ఎవరికీ చెప్పొద్దన్నా. రోజుకి రెండొందల సార్లు నా వీపు మీదే సాధన చేయించా. ఇదుగో, వాచిపోయింది చూడండి!"

ఇంతలో స్టాన్ వచ్చాడు. గుమ్మం సరిపోక పక్కకి తిరిగి వచ్చాడు.

"పందెం పందెమే పెద్దాయనా. సోమవారం మా కంచె విప్పి రింగు వేస్తాం. మీరొచ్చి మా కుర్రాళ్ళకి నేర్పాలి." లూషియస్ వైపు తిరిగాడు. "కానీ అన్నా, నువ్వు నన్ను తట్టావు కదూ?"

"బాక్సర్లు ఊరికే తట్టుకుంటార్రా అబ్బాయ్," అన్నాడు క్లెమ్ గర్వంగా. "మొదటి పాఠం అదే. రాసుకో."

స్టాన్ బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయాడు. విలేకరులూ వెళ్ళారు. క్లెమ్ తలుపు వేసి, రెండు హాళ్ళ మారాజులా చేతులు రుద్దుకున్నాడు.

"ఇప్పుడు చెప్పరా దొంగా! ఇంత గొప్ప ఎత్తు నీకెలా తట్టింది?"

లూషియస్ మొహం మీది ఐసు సంచీ కాస్త పక్కకి జరిపాడు.

"ఎత్తేంటి కోచ్? ఊపిరాడక ఓటమి ఒప్పుకున్నా. ఆ హాల్లో నా మాట అర్థమైంది వాడొక్కడికే."