మిగిలిన రెండెకరాలు

కోత మిషను చేను మధ్యలో ఆగిపోయింది. ముందున్న కట్టర్ ధడాలున దిగి మట్టిలో కూరుకుపోయింది. దాన్ని పైకెత్తే హైడ్రాలిక్ సిలిండర్ లోంచి ఆయిల్ చిమ్ముతోంది.

డ్రైవర్ రాంబాబు ఇంజన్ ఆపి కిందికి దూకాడు. పొద్దున ఏజెంటు ఫోన్లో లొకేషన్ పంపితే ఉయ్యూరు అవతలున్న ఈ చేలోకి దిగాడు. సగం కోశాడు. ఇంకా రెండెకరాలు నిలబడే ఉంది. తూర్పున మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

పంచె ఎగ్గట్టుకుని ఒక పెద్దాయన రోడ్డు వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైందబ్బాయ్?”

“సిలిండర్ లీకైంది బాబాయ్. కట్టర్ లేవదు. ఇక రేపే.”

“సాయంత్రం నుంచి మూడ్రోజులు వానంటున్నారు. రేపటికి ఇక్కడ కోయడానికేం మిగలదు. మెకానిక్కులెవరూ లేరా?”

“బెజవాడ ఆటోనగర్లో జాహిద్ అని ఉన్నాడు. ఇంత దూరం ఇప్పటికిప్పుడు రాడు.”

“వస్తాడో రాడో నేనడుగుతా. నంబరియ్యి.”

పెద్దాయన పేరు పేరయ్య. అప్పటికే ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

“సిలిండర్లోంచి బయటికొచ్చే రాడ్డు మీద గీతలు పడ్డాయేమో చూడండి,” అన్నాడు అవతల జాహిద్. “పడుంటే ఆయిల్ ఆపే సీళ్ళు మార్చినా లాభం లేదు. గంటలో మళ్ళీ కారుద్ది.”

పేరయ్య భుజమ్మీది తువ్వాలుతో ఆయిలంతా తుడిచి, రాడ్డు పొడవునా గోరుతో తడిమాడు. “గోరు దిగబడతంది నాయనా.”

“అయితే సిలిండరే మార్చాలండీ. నా దగ్గరొకటి ఉంది గానీ, దానికి సరిపోవాలి కదా.”

“కొలత చెప్తా, లైన్లోనే ఉండు.”

రాంబాబు టేపు తెచ్చిచ్చాడు. పేరయ్య బురదలో మోకాళ్ళ మీద కూర్చుని సిలిండర్ రెండు కొసల్నీ బిగించిన పిన్నుల మధ్య దూరం కొలిచి చెప్పాడు.

“సరిపోద్ది. బయల్దేరుతున్నా,” అన్నాడు జాహిద్.

బందరు రోడ్డు మీద బైకు ఎలా తోలాడో గానీ, గంట తిరక్కుండానే జాహిద్ చేలో ఉన్నాడు. వెనక సీటుకు కట్టిన సిలిండర్ విప్పుతూ మబ్బు వైపు చూశాడు. గాలి తిరిగింది. వరి వెన్నులు ఒక పక్కకు వాలుతున్నాయి.

కింది పిన్ను మట్టిలో ఉంది. కట్టర్‌ను జాకీతో లేపి, జాహిద్ వెల్లకిలా పడుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడో లేదో, జాకీ మెత్తటి నేలలోకి దిగడం మొదలుపెట్టింది. కట్టర్ అతని మోచేతి మీదికి ఒరుగుతోంది.

“చెయ్యి తియ్యి,” అని అరిచాడు రాంబాబు.

“పిన్ను సగం వచ్చింది, ఇప్పుడొదిలితే మళ్ళీ బిగుసుకుంటది.”

పేరయ్య కాలవ గట్టుకు పరుగెత్తాడు. అక్కడ పడున్న తాటి మొద్దును దొర్లించుకుంటూ తెచ్చి, కట్టర్ కిందికి భుజంతో నెట్టాడు. ఇనుము మొద్దు మీద కిర్రుమని ఆగింది. జాహిద్ చేతికీ దానికీ మధ్య బెత్తెడు సందు. పిన్ను ఊడి అతని గుండెల మీద పడింది.

పాత సిలిండర్ బయటికొచ్చింది. కొత్తది కూర్చుంది. పైపు బిగించారు, ఆయిల్ పోశారు. మొద్దు, జాకీ లాగేశారు. రాంబాబు సీటెక్కి లివర్ లాగాడు.

కట్టర్ కదల్లేదు.

పేరయ్య వంగి కట్టర్ కిందికి చూశాడు. “ఇంకేంటయ్యా?”

“లోపల గాలుందండీ.” జాహిద్ పైపు నట్టు కాస్త వదులు చేశాడు. తెల్లగా నురగ బుసబుసా పొంగింది. తర్వాత ఆయిల్ మాత్రమే చుక్కచుక్కగా వచ్చింది. నట్టు బిగించి చెయ్యెత్తాడు. “ఇప్పుడు లాగు రాంబాబూ.”

కట్టర్ వణికింది. జానెడు లేచింది. నడుమెత్తుకు లేచి ఆగింది. ముగ్గురూ దాన్నే చూశారు. కిందికి దిగలేదు.

“కొయ్యి నాయనా, కొయ్యి,” అంటూ పేరయ్య మిషను ముందు నుంచి పక్కకు పరుగెత్తాడు.

ఆ గంటన్నరా ఆయన ఒక్కచోట నిలబడలేదు. రోడ్డు మీద ఖాళీ ట్రక్కుతో పోతున్న ట్రాక్టర్‌ను అడ్డంగా నిలబడి ఆపాడు. దగ్గర్లో ఇల్లు కనిపిస్తే వెళ్ళి టార్పాలిన్ అడిగి తెచ్చాడు. మిషను నుంచి ట్రక్కులోకి ధాన్యం ధారగా పడుతుంటే, ఎక్కి చేతుల్తో చదును చేశాడు. చివరి సాలు కోతైంది. జాహిద్, రాంబాబు చెరో వైపు పట్టుకుని టార్పాలిన్ కట్టేశారు. ఆఖరి ముడి బిగిసేసరికి మొదటి చినుకు రాలింది. చూస్తుండగానే వాన దంచి కొట్టింది.

ముగ్గురూ ట్రక్కు పక్కన తడుస్తూ నిలబడ్డారు. జాహిద్‌కు నవ్వు ఆగడం లేదు.

“గట్టెక్కేశారు బాబాయ్.”

పేరయ్య తల ఊపాడు. ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో రోడ్డు మీద ఆటో ఆగింది. ఒకావిడ చంకలో ధాన్యం మీద కప్పే బరకం పట్టలతో గట్టు మీద జారుతూ పరుగెత్తుకొచ్చింది. కోసేసిన చేనునీ, కప్పిన ట్రక్కునీ చూసి నిలబడిపోయింది.

“మిషను రేపొస్తదన్నారే. బెజవాడ ఆస్పత్రిలో మా అమ్మాయి పురిటికని నేనటు పోయా,” అంది రొప్పుతూ. “ఎవరు బాబూ దగ్గరుండి కోయించింది?”

“మీరెవరండీ?” అన్నాడు రాంబాబు.

“అమలమ్మనయ్యా. ఈ చేను కౌలుకు చేసేది నేనే.”

రాంబాబు, జాహిద్ ఇద్దరూ పేరయ్య వైపు తిరిగారు.

“మరి మీ చేనేది బాబాయ్?” అన్నాడు జాహిద్.

“మాది కోడూరు దగ్గర నాయనా. మొన్నటి వానకే మొత్తం మునిగిపోయింది. బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే మీ మిషను ఆగిపోవడం కనపడింది,” అన్నాడు పేరయ్య. “ఈ చేను ఎవరిదో నాకూ ఇప్పుడే తెలిసింది.”